రబ్బరు బుష్, రెండు బోల్టులు

ఈ రోజు ఆదివారం. పొద్దున ఏడున్నరకే కారు తీసుకొని వరంగల్ ఆటోనగర్‌కు వెళ్లాను. సగం షెడ్లకు షట్టర్లు దించే ఉన్నాయి. ఉస్తాద్ మాత్రం నాకోసం వచ్చి, చాయ్ తాగుతూ కూర్చున్నాడు. "ఇంజిన్ ముట్టొద్దంటివి గద బిడ్డా, మరేం చేద్దాం?" అన్నాడు.

నా 2014 స్విఫ్ట్ ఇంజిన్ ఎలా ఉందో అలాగే ఉండనీ. నా బాధంతా మలుపులతోనే. పోయిన చలికాలం చెన్నై దగ్గరి ఇరుంగట్టుకోట్టై రేసింగ్ ట్రాక్‌కు తీసుకెళ్లాను. ఒక ల్యాప్ 3.7 కిలోమీటర్లు. స్ట్రెయిట్‌లో పెద్ద ఇంజిన్ల వాళ్లు దాటిపోతే ఏమీ అనిపించలేదు. మలుపులో నేను స్టీరింగ్ తిప్పుతూనే ఉన్నా బండి ముక్కు నేరుగా పోతుంటే మాత్రం మనసు చివుక్కుమంది. నాలుగో ల్యాప్‌లో బ్రేక్ పెడల్ మెత్తబడి సగం దాకా దిగిపోయింది. ఆ టెన్షన్ ఇప్పటికీ గుర్తుంది. పిట్‌లోకి వచ్చి చూస్తే ముందు టైర్ల బయటి అంచులు గరుకు కాగితంతో రుద్దినట్టున్నాయి. లోపలి సగం కొత్తదానిలా మెరుస్తోంది.

బండిని కిందికి దించే స్ప్రింగులు వేయించమని చాలామంది చెప్పారు. నాకు ఇష్టం లేదు. వారం మధ్యలో బాపును చెకప్‌కు తీసుకుపోయేది ఈ కారులోనే. మా గల్లీ స్పీడ్ బ్రేకర్లు మామూలువి కావు. పైగా కంపెనీ ఇచ్చిన రూపాన్ని ఇష్టం వచ్చినట్టు మార్చడానికి మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ఒప్పుకోదు. అసలు ఉన్న భాగాలు సరిగా పనిచేస్తున్నాయో లేదో చూడకుండా కొత్తవి కొనడం నాకు తప్పనిపిస్తుంది.

జాకీ ఎత్తి, ఉస్తాద్ చక్రాన్ని కింది నుంచి బండికి కలిపే లోయర్ ఆర్మ్ సందులో రాడ్ పెట్టి కదిపాడు. ఆర్మ్ కీలులో ఉండే రబ్బరు బుష్ నోరు తెరిచింది. రబ్బరు లోపలి ఇనుప గొట్టం చుట్టూ సగం దాకా చిరిగిపోయి, పగుళ్లలో నల్లటి దుమ్ము పట్టింది. "గిది సూడు. నువ్వు స్టీరింగ్ తిప్పితే ముందుగాల గీ రబ్బరు కదుల్తది, తర్వాత చక్రం కదుల్తది." ఆరు నెలలుగా నాకు అంతుపట్టనిది ఆయన ఒక్క ముక్కలో చెప్పాడు.

కొత్త బుష్‌లు ప్రెస్‌లో ఎక్కించాక ఆర్మ్ బోల్టులు వదులుగానే ఉంచాడు. కారును నేల మీదికి దించి, నాలుగుసార్లు బానెట్ నొక్కి, బరువు చక్రాల మీద పడ్డాకే పానాతో గట్టిగా బిగించాడు. గాలిలో ఉండగానే బిగిస్తే, బండి దిగగానే రబ్బరు మెలిపడుతుంది. ఆ మెలికతోనే తిరిగి తిరిగి తొందరగా చిరుగుతుంది. ఈ పని ఇంత ఓపికగా చేసేవాళ్లను నేను ఎక్కువమందిని చూడలేదు.

తర్వాత బ్రేకులు. పాత ఆయిల్ చాయ్ డికాక్షన్‌లా ఉంది. బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. తేమ చేరేకొద్దీ తక్కువ వేడికే మరుగుతుంది. అప్పుడు పైపుల్లో ఆవిరి పుట్టి, పెడల్ మెత్తబడుతుంది. డాట్ అనేది బ్రేక్ ఆయిల్ గ్రేడు. డాట్ 3 కొత్తగా ఉన్నప్పుడు కనీసం 205 డిగ్రీల దాకా, డాట్ 4 అయితే 230 దాకా మరగకుండా ఉండాలి. డాట్ 4 పోయించాను. నేను లోపల కూర్చుని పెడల్ తొక్కుతుంటే, ఆయన కింద సన్నటి ప్లాస్టిక్ గొట్టాన్ని సీసాలో పెట్టి "తొక్కు, తొక్కు, పట్టు!" అంటూ ఆయిల్ బయటికి వదిలే నిపిల్ వదులు చేశాడు. ముందు బుడగలు, తర్వాత నల్లటి ఆయిల్, చివరికి తేనె రంగు ధార. నాలుగు చక్రాలకూ అయ్యేసరికి నా కాలు పట్టేసింది.

మధ్యాహ్నం అలైన్‌మెంట్ షాపులో క్యాంబర్ బోల్టులు వేయించాను. క్యాంబర్ అంటే చక్రం లోపలికో బయటికో వాలే కోణం; లోపలికి వాలితే మైనస్. స్ట్రట్‌ను (స్ప్రింగు, షాక్ అబ్జార్బర్ కలిసిన భాగం) చక్రాన్ని పట్టుకునే నకిల్‌కు కలిపేచోట మామూలు బోల్టుకు బదులు ఇవి పడతాయి. ఒకవైపు ఉబ్బెత్తుగా చేసిన ఈ బోల్టు తిప్పితే చక్రం పైభాగం లోపలికి వాలుతుంది. మలుపులో బండి ఒరిగినప్పుడు బయటి చక్రం కూడా బయటికి వాలి, అంచు మీదే నిలబడుతుంది. ముందే లోపలికి వంచి పెడితే ఆ సమయానికి టైరు నిటారుగా, నిండుగా నేలను పట్టుకుంటుంది. ఎడమవైపు మైనస్ 1.4, కుడివైపు మైనస్ 1.3 డిగ్రీలు వచ్చింది. క్యాంబర్ కదిలితే టో (పైనుంచి చూస్తే చక్రాలు లోపలికో బయటికో తిరిగి ఉండే కోణం) కూడా మారుతుంది కాబట్టి దాన్ని చివర్లో సున్నాకు తెప్పించాను. కుర్రాడు ముందే టో చేయబోతే ఆపాల్సివచ్చింది. ముందు టో చేసి, తర్వాత క్యాంబర్ కదిపితే మొత్తం పని మళ్లీ మొదటికే!

సాయంత్రం బాపును పక్కన కూర్చోబెట్టుకొని హంటర్ రోడ్డు మీద నెమ్మదిగా వెళ్లాను. వేగం ట్రాక్ కోసమే, ఊళ్లో కాదు. అయినా నలభైలోనే తేడా తెలిసింది. స్టీరింగ్ కొంచెం కదిపితే చాలు, బండి ముక్కు వెంటనే తిరిగింది. గుంతలో పడినప్పుడు వచ్చే టకటక శబ్దం లేదు. "బండి కొత్తగ అయినట్టుంది రా," అన్నాడు బాపు. రోజంతా విన్న మాటల్లో నాకు బాగా నచ్చింది అదే.

ఇంటికి వచ్చాక అమ్మ ముగ్గు డబ్బాలోంచి రెండు సుద్దముక్కలు తీసి డ్యాష్‌బోర్డులో పెట్టాను. ఈసారి ట్రాక్‌లో టైరు అంచు మీదుగా పక్కకు గీతలు గీసి, రెండు ల్యాప్‌ల తర్వాత ఎక్కడిదాకా చెరిగాయో చూడాలి. మరీ కిందిదాకా చెరిగితే గాలి తక్కువైనట్టు. "సుద్ద ఎందుకురా?" అని అమ్మ అడిగింది. వంటింట్లోనే పళ్లెం అంచు మీద గీత గీసి చూపించాను. "తుడిచి పెట్టు," అంది.