రంబాం సమాధి వద్ద మొక్కు, రంబాన్ పక్షాన వాదన

సబాగారి (హీబ్రూలో సబా అంటే తాత) మొక్కు ఈ సుక్కోత్, అంటే యూదుల పర్ణశాలల పండుగ, నడిమి రోజుల్లో తీరింది. కంటి శుక్లాలు తీయించుకున్నాక పదకొండో శతాబ్దపు యూదు బైబిలు వ్యాఖ్యాత రాషీ వ్యాఖ్యానపు సన్నని అక్షరాలను మళ్లీ తన కళ్లతో తానే చదవగలిగితే, తిబెరియాలో ఉన్న రంబాం సమాధికి వస్తానని ఆయన మొక్కుకున్నారు. హైఫాలో ఆయన ఇంట్లోనే ఉండి ఆయన మంచిచెడ్డలు చూసుకోవడం నా ఉద్యోగం. ఈ పని మీద మా జగిత్యాల వైపు నుండి ఇజ్రాయెల్ వచ్చినవారు చాలామందే ఉన్నారు గాని, స్నానం, మందులు, ఉదయపు ఫలహారం ముగిశాక ముసలాయనకు తత్వగ్రంథాలు చదివి వినిపించే పని పడినవారెవరూ నాకు ఇంతవరకు తారసపడలేదు. ఆయన బడిలో తోరా (యూదుల ధర్మశాస్త్ర గ్రంథం) బోధించి విరమించినవారు. చూపు మసకబారిన కాలమంతా నేను ఇంగ్లీషు అనువాదం చదువుతుంటే, ఆయన హీబ్రూ వాక్యాన్ని జ్ఞాపకం నుండి తీసి అనువాదకుణ్ణి దిద్దేవారు.

రెండు పేర్లు దగ్గరగా ఉండి తికమకపెడతాయి గనుక ముందే చెబుతాను. రంబాం అంటే 1138లో కోర్డోబాలో పుట్టి, ఈజిప్టులోని ఫుస్తాత్‌లో వైద్యుడిగా జీవించి, 1204లో కన్నుమూసిన యూదు తత్వవేత్త మైమోనిడిస్. రంబాన్ అంటే ఆయన తరువాతి తరంలో గెరోనాలో పుట్టి, వృద్ధాప్యంలో 1267లో యెరూషలేము చేరుకున్న బైబిలు వ్యాఖ్యాత నఖ్మానిడిస్. వీరిద్దరికీ పడని చోట్లు అనేకం ఉన్నా, మేము ఎక్కువకాలం ఆగిపోయింది ఆదికాండము 18వ అధ్యాయం దగ్గర. మిట్టమధ్యాహ్నపు ఎండలో అబ్రాహాము గుడారపు వాకిట కూర్చుని ఉంటాడు. కళ్లెత్తి చూస్తే ముగ్గురు మనుషులు కనబడతారు. అది ఆయనకు సున్నతి జరిగిన మూడో రోజనీ, రోగిని పరామర్శించడానికి దేవుడే వచ్చాడనీ పాత గురువుల మాటగా రాషీ రాశాడు. రంబాం తన తత్వగ్రంథం 'మార్గదర్శి' రెండవ భాగం 42వ అధ్యాయంలో మాత్రం, దేవదూత కనబడినట్లో మాట్లాడినట్లో ఎక్కడ ఉన్నా అది ప్రవక్తకు కలిగిన దర్శనమో స్వప్నమో తప్ప బయట జరిగిన సంగతి కాదని తేల్చాడు. దేవుడికి దేహం లేదు, దూతలకూ లేదు. దేహం లేనివారు కాళ్లు కడుక్కుని పెరుగూ మాంసమూ ఎలా తింటారు?

నిర్గుణ బ్రహ్మాన్ని గురించి వింటూ పెరిగినవాణ్ణి గనుక మొదట ఈ మాటే నాకు నచ్చింది. ఆ తరువాత రంబాన్ కోపం చదివాము. అదంతా దర్శనమే అయితే అబ్రాహాము భార్య శారా రొట్టెలకు పిండి పిసకలేదు, అబ్రాహాము దూడను వండించలేదు, శారా నవ్వనూ లేదు, అన్నీ చూపులోనే జరిగాయన్నమాట అంటాడాయన. యాకోబు దూతతో పెనుగులాడింది కూడా దర్శనమే అయితే లేచాక అతడు ఎందుకు కుంటాడో నాకు బోధపడటం లేదంటాడు. ఇటువంటి మాటలు నమ్మడం సంగతి అటుంచి, వినడం కూడా నిషిద్ధమంటాడు. నేను ఆ పేజీ దగ్గర పక్షం మార్చాను. రోజూ ఒకరి కాళ్లు కడిగి, వేళ్ల సందుల్లో తడి తుడిచి, వాపు తగ్గిందో లేదో వేలితో నొక్కి చూసేవాడికి, ఆ నీళ్లు నిజంగా పోశారా లేదా అన్నది పండితులకు వదిలేసే ప్రశ్నగా తోచదు.

రాషీ ఒకచోట నన్ను కొంచెం నొప్పించాడని కూడా చెప్పాలి. అతిథులకు నీళ్లు అబ్రాహాము స్వయంగా తేలేదు, మరొకరి చేత తెప్పించాడు. అందుకే అతని సంతానానికి ఎడారిలో నీళ్లు మరొకరి చేతి మీదుగా, మోషే బండను కొట్టడం ద్వారా లభించాయి అన్నది ఆ వ్యాఖ్య. సబాగారి కొడుకు విదేశంలో ఉంటాడు. ఇంట్లో ఆ 'మరొకరు' నేనే. చదివి ఊరుకుండిపోతే సబా కాసేపు ఆలోచించి, "ఆ బండలోంచి వచ్చిన నీళ్లతో దాహం తీరలేదని రాషీ ఎక్కడా రాయలేదు" అన్నారు.

ప్రయాణం గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. బస్సులో చక్రాల కుర్చీకి చోటు దొరికింది, అంతే చాలు. తిబెరియా సముద్రమట్టానికి 200 మీటర్ల దిగువన ఉంటుంది కాబట్టి శరత్కాలంలో కూడా అక్కడి గాలి వేడిగా, బరువుగా మీదికి వస్తుంది. ఇక జనం! సమాధికి వెళ్లే బాటకు అటూ ఇటూ ఏడేసి స్తంభాలు, రంబాం ధర్మశాస్త్ర సంకలనమైన మిష్నే తోరాలోని పద్నాలుగు గ్రంథాల పేర్లతో నిలబడి ఉంటాయి. ఒక్కదాని పేరైనా చదువుదామంటే వెనుకనుండి పిల్లల బండి వచ్చి కుర్చీ చక్రానికి తగులుతుంది. చందాల డబ్బాలు ఆడించేవారు ఒకవైపు, ఫోను ఎత్తి వీడియో తీసేవారు ఒకవైపు, అందరికీ వినిపించేలా కీర్తనలు పాడేవారు మరొకవైపు. కొండగట్టు అంజన్న దగ్గర శనివారపు క్యూలో నిలబడి పెరిగిన నాకే ఊపిరాడలేదు. నీతిమంతుల సమాధులపై స్మారకాలు కట్టరాదు, వారి మాటలే వారికి జ్ఞాపకచిహ్నాలు, సమాధులను చూడటానికి మనిషి మళ్లరాదు అని అదే మిష్నే తోరాలో రాసినవాడి సమాధి మీద ఎర్రని ఉక్కు కిరీటం కట్టి ఇంతమందిని రప్పించారు గదా అని నేను విసుక్కుంటే, సబా నవ్వి, "మొక్కి తీర్చకపోతే ఆయన ఇంకా ఎక్కువ కోప్పడతాడు, మొక్కుల గురించి కూడా ఆయనే రాశాడు" అన్నారు. ఆ నవ్వు సగంలోనే ఆగిపోయింది. ముఖం పాలిపోయింది, చెప్పుల్లో పాదాలు ఉబ్బిపోయాయి. దర్శనం మాట పక్కన పెట్టి కుర్చీని వెనక్కి తిప్పాను.

పక్క సందులో ఒక ఇంటి ముంగిట ఈతమట్టలు కప్పిన సుక్కా, అంటే ఈ పండుగకు వేసే పందిరి, ఉంది. ఆ ఇంటాయన మమ్మల్ని చూసి, ఎవరు, ఎక్కడినుండి అని అడగకుండానే లోపలి బల్ల పక్కకు జరిపి కుర్చీకి నీడలో చోటు చేశాడు. భోజనానికి ముందు చేతులు కడుక్కునే రెండు పిడుల చెంబు అక్కడే ఉంది. నేను చెప్పులు విప్పుతుండగా ఆయన ఆ చెంబు నింపి తన కొడుక్కి ఇచ్చాడు. పదేళ్లుంటాయేమో, ఆ పిల్లవాడు ప్లాస్టిక్ తొట్టి సబా పాదాల కింద పెట్టి, చీలమండ దగ్గరనుండి సన్నని ధారగా, ఒక పాదం మీద పోసి ఆగి, రెండో పాదం మీద పోశాడు. నాకు చేయడానికి ఏమీ మిగల్లేదు. చేతులు కట్టుకుని నిలబడి చూడటం నాకు వింతగా ఉంది. అబ్రాహాము దూడను 'పిల్లవానికి' ఇచ్చాడన్న చోట, ఆ పిల్లవాడు ఇష్మాయేలనీ, సత్కార్యాలు అలవాటు చేయడానికే తండ్రి వాడికి ఇచ్చాడనీ రాషీ రాసిన మాట సబా ఆ ఇంటాయనతో అన్నారు. ఆయనకు అది ముందే తెలుసు. తలూపి పుచ్చకాయ ముక్కలు ముందుకు జరిపాడు. సబా నావైపు తిరిగి, "ఈ పూటకు రంబాన్ గెలిచాడు" అన్నారు.

సాయంత్రం జనం పలచబడ్డాక ఆ ఇంటాయనే ముందు నడిచి దారి ఇప్పించాడు. తెల్లటి గుండ్రని రాయి, మగవారికీ ఆడవారికీ నడుమ అడ్డుతెర, కరిగిన కొవ్వొత్తుల వాసన. సబా ముందుకు వంగి, "మోషే నుండి మోషే వరకు మోషే వంటివాడు లేవలేదు" అన్న వాక్యాన్ని ఒక్కొక్క అక్షరమే కూడబలుక్కుంటూ చదివారు; రంబాం అసలు పేరు కూడా మోషేయే. జ్ఞాపకం నుండి కాదు. కళ్లు అక్షరం వెంట కదలడం నేను పక్కనుండి చూశాను. చేయి రాతి మీద ఆన్చి ఉంచింది కాసేపే. ఈలోగా వెనుకనుండి ఎవరో తొందరపెట్టారు, కదిలాము.

బస్సులో ఆయన నన్ను అంత సులభంగా వదల్లేదు. 1199లో రంబాం తన అనువాదకుడు ఇబ్న్ తిబ్బోన్‌కు రాసిన ఉత్తరాన్ని గుర్తు చేశారు. ఉదయమే కైరోలో సుల్తాను కోటకు వెళ్లి, మధ్యాహ్నం దాటాక ఆకలితో ఇల్లు చేరేసరికి వసారాలన్నీ రోగులతో నిండి ఉంటాయి; యూదులూ ఇతరులూ, గొప్పవారూ సామాన్యులూ. వాహనం దిగి, చేతులు కడుక్కుని, రోజు మొత్తానికి ఒక్కటే అయిన ఆ ముద్ద తినడానికి కొంచెం ఆగమని వారిని బతిమాలుకుంటాడు. చీకటి పడేవరకు చూసి చూసి, అలసటకు వెల్లకిలా పడుకునే మందులు చెబుతాడు. "ఆ రోగులు దర్శనం కాదు" అన్నారు సబా. దేవుణ్ణి ఎరగడమంటే భూమి మీద దయను, న్యాయాన్ని, ధర్మాన్ని జరిగించడమేనని ప్రవక్త యిర్మీయా మాటతో 'మార్గదర్శి'ని ముగించినవాడు, శారా పిసికిన పిండిని చులకన చేశాడని అనుకోవడం తొందరపాటట. నేను ఒప్పుకోలేదు. రోగుల చేతులు పట్టి చూసినవాడు అబ్రాహాము చేతుల్లోని పనిని దర్శనంలోకి ఎందుకు తోసేశాడన్న నా ప్రశ్నకు ఆయన దగ్గర జవాబు ఉంది గాని, అది అరిస్టాటిల్ దగ్గర మొదలై హైఫా రేవు దీపాలు కనబడేవరకు సాగింది. లేవీయకాండములో బలుల సంగతి వచ్చినప్పుడు రంబాన్ ఇంతకంటె ఘాటుగా దెబ్బలాడతాడని చెప్పి, వచ్చే వారం నుండి అదే చదువుదామన్నారు. ఈసారి పుస్తకం ఆయన చేతిలోనే ఉంటుందట. నేను వింటే చాలునట.