ఎదురుగాలి

నెదర్లాండ్స్ తీరంలోని కాట్‌వైక్ ఊరు దాటాక ఇసుకదిబ్బల మధ్య సైకిల్ దారి. ఒక్క కారు లేదు, ఎండ కూడా బాగుంది. అయినా చిన్న గేరులో ఈడ్చుకుంటూ పోవాల్సొస్తోంది. ఎందుకంటే ఇవాళ వెళ్తున్నది దక్షిణానికి.

ఈ తీరంలో ఎక్కువగా వీచేది నైరుతి గాలి. హుక్ వాన్ హాలండ్‌లో మొదలెట్టి డెన్ హెల్డర్ వైపు ఉత్తరానికి పోతే అదే వెనక నుంచి తోస్తుంది. తిరగేసి వస్తే నడుం విరుగుతుంది. నీళ్ళు ఆపడానికి వేసిన కట్టల మీద ఇంకా ఘోరం, అడ్డుగా చెట్టు కూడా ఉండదు. కట్ట కింద గాలి తగలని పక్కన ఇంకో దారి ఉంటే అదే పట్టుకోండి, వ్యూ తర్వాత చూసుకోవచ్చు.

దారి కోసం మ్యాపు అక్కర్లేదు. సైకిల్ దారుల కూడళ్ళకి నంబర్లుంటాయి. వెళ్ళాల్సిన నంబర్లు వరసగా కాగితం మీద రాసి హ్యాండిల్‌కి టేపుతో అంటించుకుంటే చాలు. తిరకాసు ఒకటుంది: నంబర్లు రెండంకెలే, అదే నంబరు ఇంకో ప్రాంతంలో మళ్ళీ వస్తుంది. ఫోన్‌లో వెతికేటప్పుడు ఊరు కూడా చూసుకోండి.

మలుపుల్లో గాలికి కొట్టుకొచ్చిన ఇసుక పేరుకుని ఉంటుంది. అందులో ముందు చక్రం బ్రేకు పట్టారో, అది జారిపోయినట్టే. ముందే స్పీడు తగ్గించి తిన్నగా పోనివ్వాలి. 35 నుంచి 40 మిల్లీమీటర్ల టైరైతే గుల్లలు పరిచిన దారుల్లోనూ ఇబ్బందుండదు.

కాలువలు దాటించే చిన్న పడవలు కొన్ని సీజన్‌లోనే తిరుగుతాయి. బయల్దేరే ముందే టైమింగ్స్ చూసుకోండి, లేదంటే తర్వాతి వంతెన దాకా చుట్టు తిరగాల్సిందే, అదీ ఈ గాలిలో.