కొంచెం లేస్తారా, అమ్మమ్మా

పదకొండున్నర దాటింది. ఇంట్లో అందరూ పడుకున్నారు. ఫోన్లో ఆ మెసేజ్ మూడోసారి వచ్చింది, మా ఆతిథ్యం మీకెలా అనిపించింది, ఐదు నక్షత్రాల్లో ఎన్నిస్తారు అని. కింద ఒక దీపం బొమ్మ, దణ్ణం పెడుతున్న రెండు చేతులు. మధ్యాహ్నం నుంచీ రాయడం, చెరపడం, ఇదే పని. రెండు నక్షత్రాలు నొక్కి పొడుగ్గా ఒక పేరా రాసి, పంపకుండా అట్టే పెట్టాను. పంపితే గానీ నిద్ర పట్టదు. పంపినా పట్టేలా లేదు. అందుకే ఇక్కడికొచ్చి కూర్చున్నాను.

అదే, ఆ గడి సంగతి. ఈయన పుట్టినరోజు వంకతో అక్క ఊదరగొట్టి మరీ పంపించిన గడి. ఊరి పేరు రాయను, ఎందుకొచ్చిన గొడవ. ఇక్కడి నుంచి రెండున్నర గంటల దారి. ఒకప్పుడు దొరలుండిన ఇల్లు, ఇప్పుడు గదులు అద్దెకిస్తున్నారు. డంగుసున్నం గోడలు, ఏనుగు పట్టేంత దర్వాజా, దానికి అటూ ఇటూ రాతి అరుగులు. ఫొటోల్లో కనిపించేదంతా నిజంగానే ఉంది, ఆ మాట ఒప్పుకోవాలి.

అక్కా బావగారూ సంక్రాంతి వెళ్ళాక అక్కడ రెండ్రోజులుండి వచ్చారు. వచ్చిన దగ్గర్నుంచీ ఒకటే పారాయణం. కారు దిగీ దిగగానే ఎవరో తాత బెల్లం టీ తెచ్చి ఇచ్చాడట. రాత్రి అడక్కుండానే మంచం పక్కన రాగి చెంబుతో నీళ్ళు పెట్టారట. పొద్దున్నే ఎదురుగా కూర్చోబెట్టి జొన్నరొట్టెలు కొట్టి పెట్టారట. బయల్దేరుతుంటే సంచినిండా జామకాయలు. "మా అమ్మ పోయాక మళ్ళీ పుట్టింటికి వెళ్ళినట్టనిపించిందే" అంది అక్క. అక్క సంగతి మీకు తెలుసు. మా గృహప్రవేశానికి వచ్చి పప్పులో ఉప్పు గురించి మాత్రమే మాట్లాడిన మనిషి. ఆవిడ నోట పొగడ్త వచ్చిందంటే నమ్మేయకుండా ఎలా ఉంటాను?

మేం శనివారం వెళ్ళాం. దర్వాజా దగ్గర మనిషి లేడు. తాత లేడు, టీ లేదు. లోపల్నుంచి జుయ్యిమని డ్రోన్ చప్పుడు. ఎవరిదో ప్రీ వెడ్డింగ్ షూట్. పనివాళ్ళంతా ఆ అమ్మాయి లెహంగా అంచు పట్టుకోవడంలో, పొగ గొట్టాలు మొయ్యడంలో ఉన్నారు. కౌంటర్లో కుర్రాడు తలెత్తకుండా నలుగురి ఆధార్ కార్డులూ అడిగాడు. అత్తయ్య తన కార్డు ఎక్కడ పెట్టిందో వెతుక్కుంటూ చేతిసంచీ అంతా బల్ల మీద కుమ్మరించింది. జండూబామ్, రెండు వక్కలు, అరిగిపోయిన దువ్వెన. అప్పుడు కూడా ఆ అబ్బాయి "కూర్చోండి, తర్వాత చూద్దాం" అనలేదు. సిగ్గు విడిచి బెల్లం టీ గురించి అడిగాను. "అది వీక్ డేస్‌లో మేడమ్" అన్నాడు.

పోనీ అనుకున్నాను. రాత్రి భోజనం అంతా బఫే, అన్నీ మసాలాలే. అత్తయ్య ఒక గరిటెడు పెరుగన్నం కలిపి పెట్టమంది. పెట్టారు, ఆవాలు కరివేపాకు పోపుతో సహా. మర్నాడు బిల్లులో చూస్తే విడిగా ఒక లైను, పెరుగన్నం ఒకటి, 180 రూపాయలు, దాని మీద టాక్సు. గరిటెడండీ! గిన్నెడు కూడా కాదు.

వేడినీళ్ళ సంగతి సరేసరి. ఐదింటికి స్నానం కాకపోతే అత్తయ్యకి రోజు మొదలవ్వదు. ఫోన్ చేస్తే గీజర్లు ఆరింటికి గానీ వెయ్యరట, పాత కట్టడం కదా, లోడు పడకూడదట. వసారాలో ఇంత పెద్ద రాగి గంగాళం ఉంది, తళతళా తోమి, నీళ్ళు పోసి, గులాబీ రేకులు చల్లి, ముట్టుకోరాదు అని బోర్డు కూడా పెట్టి. ఆ గంగాళం పుట్టిందే నీళ్ళు కాగడానికి. ఆ పొద్దు అత్తయ్య చన్నీళ్ళు పోసుకుంది. 78 ఏళ్ళ మనిషి.

ఇవన్నీ కూడా మింగేదాన్నేమో. ఆదివారం ఉదయం జరిగింది మాత్రం గొంతు దిగట్లేదు. స్నానం చేసి, విబూది పెట్టుకుని, అత్తయ్య దర్వాజా అరుగు మీద కూర్చుంది. కాళ్ళు కిందికి వేలాడేసి, కొంగు భుజాల మీదికి కప్పుకుని. ఎండ అప్పుడే ఆ రాళ్ళ మీదికి పాకుతోంది. అంతలో కెమెరా పట్టుకున్న ఒక పిల్లాడొచ్చి, "ఫ్రేములో పడుతున్నారు, కొంచెం లేస్తారా, అమ్మమ్మా" అన్నాడు. మర్యాదగానే అన్నాడు, అబద్ధం ఎందుకు. కౌంటర్ కుర్రాడు పక్కనే ఉన్నాడు, నవ్వుతూ చూస్తున్నాడు. అత్తయ్య లేచింది. గోడ పట్టుకుని, ఒక్కో మోకాలూ సర్దుకుంటూ. నేను మెట్ల మీంచి చూస్తున్నాను, కిందికి దిగేలోపే అంతా అయిపోయింది.

కారెక్కిన దగ్గర్నుంచీ మొదలెట్టాను. మా గోదావరి వైపు డొక్కా సీతమ్మగారని, లంకల గన్నవరంలో ఏ రాత్రి ఎవరొచ్చి తలుపు తట్టినా పొయ్యి రాజేసి వండి పెట్టేదని, 1909లో పోయిన మనిషిని ఇప్పటికీ జనం తలుచుకుంటున్నారంటే ఊరికే కాదని... ఈయన స్టీరింగు మీద తాళం వేస్తూ, "వచ్చేసిందా సీతమ్మగారు? మేడ్చల్ దాటాక వస్తుందనుకున్నా" అన్నాడు. ఆ తర్వాత ఊరుకోవచ్చు కదా. "మన వనస్థలిపురం పక్కనే, హయత్‌నగర్లో సరాయి ఉంది చూడు, హయాత్ బక్షీ బేగం కట్టించింది. బందరు దారిలో పోయే వర్తకులు అందులో దిగేవాళ్ళు. వాళ్ళెవరైనా గీజరు అడిగారా?" అన్నాడు.

ఒళ్ళు మండింది. కానీ ఆ సరాయి నేను చూశాను. పెద్దది ఆరోక్లాసులో ఉన్నప్పుడు ప్రాజెక్టు పని మీద తీసుకెళ్ళాను. మధ్యలో ఎత్తు మీద మసీదు, చుట్టూ నాలుగు వైపులా కమానుల వరస, ఒక్కో కమాను వెనక ఒక్కో చీకటి గది. కాస్త అవతల ఏనుగుల బావి. ఆ బేగం చార్మినార్ కట్టించిన కులీ కుతుబ్‌షా కూతురు. షేక్‌పేట సరాయి ఆవిడ కొడుకు అబ్దుల్లా కాలానిదే, అటు బీదర్ వైపు పోయే దారిలో. వీటిలో దిగినవాళ్ళకి దొరికేది ఏంటంటే నెత్తిన కప్పు, బావిలో నీళ్ళు, రాత్రికి మూసే తలుపు. పరుపులు, గిన్నెలు ఎవరివి వాళ్ళవే. ఎవరూ జామకాయలు కట్టివ్వలేదు. కానీ ఈ గడివాళ్ళలా 4,500 రూపాయలూ తీసుకోలేదు కదా! ఈ మాట కారులో తట్టలేదు. నాకెప్పుడూ ఇంతే, జవాబు రెండ్రోజులు ఆలస్యంగా వస్తుంది.

సరాయి అంటే నాకు గుర్తొచ్చేది మాత్రం హయత్‌నగర్ కాదు, నాంపల్లి. 1986 వేసవి, నాకు తొమ్మిదేళ్ళు. తాతయ్య పింఛను బకాయిల పని మీద నాన్న హైదరాబాదు వస్తూ నన్నూ తీసుకొచ్చాడు. పనయ్యాక చిక్కడపల్లిలో పెద్దమ్మకి చెప్పి, జాకెట్టు గుడ్డ పెట్టించుకుని, బొట్టు పెట్టించుకుని బయల్దేరాం. ఆబిడ్స్‌లో బస్సు ఇరుక్కుపోయింది. మేం నాంపల్లి స్టేషన్లో పరిగెత్తుకుంటూ వచ్చేసరికి గోదావరి ఎక్స్‌ప్రెస్ ఆఖరి పెట్టె వెనకభాగం కనిపించింది, అంతే. వీడ్కోలు చెప్పి వచ్చినింటికి మళ్ళీ ఏ మొహం పెట్టుకుని పోతాం అన్నాడు నాన్న. స్టేషనుకి దగ్గర్లోనే సరాయి. స్టేషను 1907 నాటిది, రైలు దిగినవాళ్ళ కోసమని ఏడో నిజాం 1919లో ఈ సరాయి కట్టించాడు. ఇదంతా తర్వాత తెలిసింది. అప్పుడు నాకు కనిపించింది పెద్ద పెద్ద కమానులు, వాటికింద బారుగా పడుకున్న మనుషులు.

మా పక్కన బీదర్ నుంచి ఆస్పత్రి పని మీద వచ్చిన ఒక కుటుంబం. అందులో ఒక ముసలమ్మ, ముక్కుకి వెండి పుల్ల, వేళ్ళకి గోరింటాకు పండి నల్లబడి ఉంది. నాకు ఉర్దూ రాదు, ఆవిడకి తెలుగు రాదు. నన్ను వేలితో పిలిచి, టిఫిన్ డబ్బాలోంచి రొట్టె తీసి, మధ్యలో పంచదార చల్లి, చాపలా చుట్టి చేతిలో పెట్టింది. కొరికితే పంచదార పంటికింద కరకరలాడింది. ఆవిడ బొంత మీదే పడుకున్నాను. బొంతకి పొగ వాసన, కర్పూరం వాసన. పైన కమాను లోపలి వంపు, దాని మీద ఎక్కడో వెలుగుతున్న లైటు నీడలు. దర్బారులో పడుకున్నట్టనిపించింది. ఊరెళ్ళాక బళ్ళో ఒక నెలంతా ఇదే కథ. నేను నిజాం ఇంట్లో పడుకున్నాను, వాళ్ళమ్మ నాకు రొట్టె పెట్టింది అని కూడా చెప్పాను.

పెళ్ళయ్యాక, ఈ ఇంటికి నాన్న మొదటిసారి వచ్చినప్పుడు, అందరి ముందూ ఈ కథే చెప్పాను. నాన్న నవ్వలేదు. "నా జన్మలో అంత పాడు రాత్రి ఇంకోటి లేదమ్మా" అన్నాడు. సంచిలో పింఛను డబ్బు 1,100. దాన్ని ఒళ్ళో పెట్టుకుని స్తంభానికి ఆనుకుని తెల్లార్లూ కూర్చున్నాడట. దోమలు. నడిజామున ఒక తాగుబోతు వచ్చి అందర్నీ తిట్టాడట, నాకు తెలియనే తెలియదు. ఆ ముసలమ్మ నాన్నకీ రొట్టె ఇవ్వబోతే వద్దని చెయ్యి ఊపాడట. "ఆకలి దంచేస్తోంది. ఎందుకు వద్దన్నానో ఇప్పటికీ తెలీదు" అన్నాడు. ఆ సరాయి తర్వాత చాలా ఏళ్ళు పాడుబడే ఉండిపోయింది. మెట్రోలో నాంపల్లి దాటుతున్నప్పుడల్లా అటు చూస్తాను, నాన్న చెప్పిన రాత్రి గుర్తు రాదు, పంచదారే గుర్తొస్తుంది.

ఇది రాస్తుంటే అక్క మీద కోపం కొంచెం తగ్గింది. మొన్నటిదాకా నా సిద్ధాంతం వేరే. బావగారు పెద్దాఫీసరుగా రిటైరయ్యారు కదా, ఆ తెల్లచొక్కా చూసి టీ ఇచ్చి ఉంటారు, మా ఈయన టీషర్టు చూసి ఆధార్ అడిగారు అని. సాయంత్రం అక్క ఫోన్ చేస్తే ఆ మాట ఆవిడతో అనేశాను కూడా. "ఏం కాదు, మేం ఇద్దరు మనుషులం తప్ప ఆ కొంప మొత్తానికి పురుగు లేదు, వాళ్ళకీ పొద్దుపోక మాతో కూర్చున్నారు" అంది. అది నిజమే అయ్యుండొచ్చు. అయినా తెల్లచొక్కా సంగతి పూర్తిగా వదల్లేదు నేను.

అసలు సంగతి భోజనాల దగ్గర. రాసిన పేరా గట్టిగా చదివి వినిపించాను, "78 ఏళ్ళ పెద్దావిడను అరుగు మీంచి లేపి అవమానించారు" అనే వాక్యంతో సహా. అత్తయ్య చారు జుర్రుకోవడం ఆపింది.

"ఎవలను అవమానించిన్రు?"

"మిమ్మల్నే."

"గట్లెందుకు గులుగుతవే. లేవమంటే లేసిన. ఆ పిల్లలు పోంగనె మళ్ల గూసున్న. నువ్వు లోపల బ్యాగులు సదురుతున్నవ్, సూడలే."

ఆ తర్వాత మెల్లగా చెప్పింది. ఈ గడి కాదు, వాళ్ళ ఊళ్ళో గడి. అత్తయ్య వాళ్ళ నాన్న కుమ్మరి. గడికి చుట్టాలొస్తున్నారంటే కొత్త కుండలు, కూజాలు, ముంతలు ఎన్ని కావాలంటే అన్ని మోసుకెళ్ళి దించి రావాలి, పైసా లేదు. వెట్టి. చాకలి నీళ్ళు మొయ్యాలి, గొల్లవాళ్ళు మేకను తోలాలి. చుట్టాలు నాలుగు రోజులుంటే ఊరంతటికీ నాలుగు రోజులు పని. "చుట్టాలు మస్తు మెచ్చుకునేటోళ్ళట. దొర ఇంట్ల మర్యాద అంటే మర్యాద అని. మా నాయిన దర్వాజ కాడ చెప్పులు ఇడిసి, చేతుల పట్టుకొని నిలవడేటోడు. అరుగు మీద కూసునుడు యాడిది?" అంది. తర్వాత చారు గిన్నె ఇటు జరపమంది.

ఈయనకి ఈ సంగతి తెలుసట. ఇన్నేళ్ళ కాపురంలో నాకెవరూ చెప్పలేదు. అత్తయ్య ఆ అరుగు మీద ఏం చూస్తూ కూర్చుందో నాకు తెలీదు, నేను మాత్రం గీజరు గురించి గొడవపడుతున్నాను. సీతమ్మగారి కథ కూడా అత్తయ్య ముందే చెప్పాను, కారులో, గంటన్నర సేపు.

"మరి ఎలా అనిపించింది అత్తయ్యా అక్కడ?" అన్నాను.

"మంచిగుండె. రాయి సల్లగుండె" అంది. అని కాసేపాగి, "ఆ పోరికి బొట్టు వంకర పెట్టిన్రు, చెప్పిన గాని ఇనలే" అంది.

ఇప్పుడు ఆ పేరాలోంచి అరుగు వాక్యం తీసేశాను. అది నేను రాయాల్సింది కాదు. గంగాళం వాక్యం తీశాను, మళ్ళీ పెట్టాను. ఆ గంగాళం కాగబెట్టడానికి కట్టెలెవరు మోసేవాళ్ళో అనిపించి మళ్ళీ తీశాను. కౌంటర్ కుర్రాడి మీద రాసింది కూడా కొంచెం మెత్తగా చేశాను. వాడిదీ ఆ ఊరేనట, పేరు అడగలేదు. రెండు నక్షత్రాలు మూడయ్యాయి.

పెరుగన్నం లైను మాత్రం తియ్యను. గరిటెడుకి 180.