“ఒక్క నిమిషం” అంటే ఎంతసేపు?

“నీ చేతులకి గ్లౌజులున్నాయి. మరి ఆమెకి?”

ఎడ్మంటన్‌లో ఒక తెలుగు పెళ్ళికి మేకప్ చెయ్యడానికి వచ్చిన కెనడా ఆవిడ, బయట మంచులో పెళ్ళికూతురి ఫొటోలు తీస్తున్న నన్నడిగిన మాట ఇది. అడిగి ఊరుకోలేదు. తన మిట్టెన్లు (నాలుగు వేళ్ళూ ఒకే సంచిలో ఉండే చేతితొడుగులు) తీసి పెళ్ళికూతురి చేతులకి తొడిగి, లోపలికి తీసుకెళ్ళిపోయింది.

మన దగ్గర ఫొటోగ్రాఫరుని ఇలా ఎవరంటారండీ? “ఒక్క నిమిషం పంతులుగారూ” అంటే తాళి పట్టుకున్న చెయ్యి కూడా గాల్లో ఆగుతుంది. ఆ నిమిషం ఐదు నిమిషాలైనా ఎవరూ లెక్కపెట్టరు. పైగా “ఇంత మంచు పెట్టుకుని ఔట్‌డోర్ లేకపోతే ఎలా?” అన్నది పిల్ల తండ్రిగారే. డబ్బిచ్చే ఆయనకి లేని అభ్యంతరం ఈవిడకెందుకని ఆ పూటంతా నాకు ఒళ్ళుమంట.

లెక్క మాత్రం ఆవిడ వైపే ఉంది. ఆవేళ మైనస్ 22 డిగ్రీలు. దానికి గంటకి పది కిలోమీటర్ల గాలి తోడైతే ఒంటికి తగిలే చలి మైనస్ 28 దాటుతుంది. అక్కడి నుంచి, కప్పుకోని చర్మం 10 నుంచి 30 నిమిషాల్లో గడ్డకట్టే ప్రమాదం ఉందని కెనడా వాతావరణ శాఖే హెచ్చరిస్తుంది. డిసెంబరులో సెలవులు దొరికినా ధనుర్మాసం అడ్డం. అందుకని ఇక్కడ మన పెళ్ళిళ్ళు మాఘంలో, ఫిబ్రవరి మూడో సోమవారం వచ్చే ఫ్యామిలీ డే సెలవు చూసుకుని పెట్టుకుంటారు. చలి అప్పటికీ తగ్గదు.

అసలు ఆ నిమిషాలు ఎక్కడికి పోతాయంటే, చాలావరకు ఎక్స్‌పోజర్ (ఫొటోలోకి ఎంత వెలుగు రానివ్వాలన్నది) సరిచూసుకోవడానికే. కెమెరాలో వెలుగుని కొలిచే మీటరు మంచుని బూడిదరంగు అనుకుంటుంది. ఆటోలో వదిలేస్తే మంచు మురికిగా, పిల్ల ముఖం నల్లగా వస్తాయి. ఒకటి నుంచి ఒకటిన్నర స్టాపులు పెంచాలి (ఒక స్టాపు అంటే వెలుగు రెట్టింపు). అంతకంటే మాన్యువల్‌లో ముఖం మీద మీటర్ చేసి, జరీ అంచు తెల్లగా పేలిపోకుండా హిస్టోగ్రామ్‌లో (కెమెరా చూపించే వెలుగునీడల గ్రాఫులో) చూసుకోవడం మేలు. ఇంకో తలనొప్పి పసుపు. నీడలో వెలుగంతా నీలాకాశం నుంచే వస్తుంది కాబట్టి, మంగళస్నానం పసుపు ఇంకా వదలని చెంపలు ఆకుపచ్చగా కొడతాయి. వెలుగు రంగుని సరిచేసే వైట్ బ్యాలెన్స్ 7000 కెల్విన్ దగ్గర పెడితే చాలామటుకు సర్దుకుంటుంది.

వీటిలో ఏ ఒక్కదానికీ పెళ్ళికూతురు అక్కడ ఉండక్కర్లేదు. అసిస్టెంటు భుజం మీద ఎర్ర పట్టుగుడ్డ వేసి నిలబెట్టి, అన్నీ ముందే సరిచేసుకోవచ్చు. నాకది తట్టకపోవడమే తప్పు. రిఫ్లెక్టరు మోసే పని కూడా లేదు. నేలమీది మంచే కింద నుంచి వెలుగు కొట్టి కళ్ళకింద నీడలు తీసేస్తుంది. సూర్యుడు నడినెత్తికి రాడు, మధ్యాహ్నమైనా పక్కవాటుగానే ఉంటాడు. ఈ వెలుగు కోసం మన ఊళ్ళో ఉదయం ఆరింటికే లేవాలి!

బట్టల సంగతి. చీర కింద రెండు థర్మల్స్ (చలి ఆపే లోదుస్తులు), ఉన్ని మేజోళ్ళు, మంచు బూట్లు. కుచ్చిళ్ళు బూట్లని దాచేస్తాయి. మెట్టెలు మాత్రం బయటికొచ్చేముందు తీయించండి, బిగుతు బూట్లో అవి వేళ్ళని నొక్కేస్తాయి. చేతిలో పట్టుకునే వేడి ప్యాకెట్లు పదిహేను నిమిషాల ముందే విప్పాలి, గాలి తగిలాకే వేడెక్కుతాయి. జడలో అసలు మల్లెలు వద్దు. బయట గడ్డకడతాయి, లోపలికి రాగానే మెత్తబడి గోధుమరంగులో వేలాడతాయి. రిసెప్షన్ ఫొటోలన్నిట్లో అదే కనిపిస్తుంది.

కెమెరాకీ బాధలున్నాయి. బ్యాటరీ సగం ఉండగానే చచ్చిపోయినట్టు చూపిస్తుంది. పారేయకండి, చొక్కా లోపలి జేబులో వెచ్చబెడితే మళ్ళీ లేస్తుంది. రెండు లోపల, ఒకటి కెమెరాలో, అలా మార్చుకుంటూ ఉండాలి.

అన్నిటికంటే పెద్ద దెబ్బ బయట కాదు, లోపలికొచ్చాక. విశాఖలో ఏసీ గదిలోంచి కెమెరా బయటికి తీస్తే లెన్సు మసకబారుతుంది కదా, ఇక్కడ దానికి పదింతలు. హోమం దగ్గర జనం ఊపిరి, పక్క గదిలో సాంబారు ఆవిరి, అన్నీ వచ్చి చల్లటి గాజు మీద కూర్చుంటాయి. తుడిస్తే మళ్ళీ పడుతుంది. బయటే మెమరీ కార్డు తీసేసుకుని, కెమెరాని జిప్ సంచిలో గాలి చొరకుండా మూసి, లోపలికి తెచ్చి గంటసేపు ముట్టుకోకూడదు. ఇది తెలియక ముహూర్తానికి ముందు ఔట్‌డోర్ పెట్టుకుంటే జీలకర్ర-బెల్లం అంతా పొగమంచులో తీసినట్టే వస్తుంది. బయటికొకటి, లోపలికొకటి, రెండు కెమెరాలుండాల్సిందే.

ఇప్పుడు అసిస్టెంటు ఫోన్లో నాలుగు నిమిషాల టైమరు పెడతాడు. భుజం మీది శాలువా తీసిన క్షణం నుంచి లెక్క. మోగిందంటే ఫ్రేమ్ కుదరకపోయినా శాలువా కప్పి లోపలికి పంపెయ్యాలి. తండ్రులు ఊరుకోరు, “ఇంకొక్కటి బాబూ, ఒక్క నిమిషం” అంటారు. అప్పుడు అసిస్టెంటు నా వంక చూడకుండానే తలుపు తెరిచి పట్టుకుంటాడు.