కుక్క మెడలో బెల్టు, బీరువాలో కార్డు

కుక్కపిల్లను తెచ్చుకున్నవాళ్లు మొదట కొనేది బెల్టు, ఆ తర్వాత తిండి గిన్నె. వ్యాక్సిన్ కార్డు సంగతి గుర్తొచ్చేది ఎవరికైనా పన్ను తగిలిన రోజున. ఆ కరిపించుకున్నది తిరుపతి బైరాగిపట్టెడ సందులో పేపరు వేసే కుర్రాడు కావచ్చు, మిద్దె మీద అద్దెకున్నవాళ్ల పిల్ల కావచ్చు. రుయా ఆసుపత్రిలో డాక్టరు అడిగేదీ, పోలీసు స్టేషన్లో రైటరు అడిగేదీ ఒకటే మాట: ‘కుక్కకు సూదులు వేయించినారా? కార్డు ఏదీ?’ ‘మా వాడు ఎవరినీ ఏమనడు సార్’ అనే జవాబుకు అక్కడ విలువ లేదు. తిరుపతిలోనైనా చిత్తూరులోనైనా కుక్కను సాకేవాళ్లకు చట్టమంటే ఆచరణలో మూడే: ఆ కార్డు, లైసెన్సు, చేతిలో ఉన్న గొలుసు.

కార్డంటే తేదీలు గీకిన అట్టముక్క కాదు. సరైన కార్డులో ప్రతి డోసుకూ మందు సీసా మీది స్టిక్కర్ ఒలిచి అతికించి ఉంటుంది. అందులో మందు పేరు, బ్యాచ్ నంబరు, ఎక్స్‌పైరీ కనిపిస్తాయి. పక్కన వేసిన తేదీ, మళ్లీ రావాల్సిన తేదీ, డాక్టరు సంతకం, రిజిస్ట్రేషన్ నంబరున్న సీలు ఉండాలి. మొదటి పేజీలో చాలామంది కుక్క పేరొక్కటే రాసి వదిలేస్తారు. రంగు, జాతి, పుట్టిన నెల, మచ్చలు ఎక్కడున్నాయో కూడా రాయించండి. ‘టామీ, మగ’ అని మాత్రమే ఉన్న కార్డు ఊళ్లో ఏ టామీకైనా సరిపోతుంది. అమ్మేవాళ్లు పిల్లతోపాటు ఇచ్చిన కార్డులో డోసులు నిండి ఉండి స్టిక్కర్లు లేకపోతే, వాటిని లెక్కలోకి తీసుకోకుండా డాక్టరు చేత మొదటినుంచి వేయించడమే మేలు. 8 వారాలు నిండని పిల్లను అమ్మకూడదని 2017 నాటి కుక్కల పెంపకం, అమ్మకం నిబంధనలు చెబుతున్నాయి. 5 వారాల పిల్లను చేతిలో పెట్టి ‘రెండు సూదులు అయిపోయినాయి’ అంటే అబద్ధం అక్కడే దొరికిపోయినట్టు, ఎందుకంటే ఆ వయసుకు మామూలుగా మొదటిదే పడదు.

పార్వో, డిస్టెంపర్ లాంటి జబ్బులకు కలిపి వేసే సూది 6 నుంచి 8 వారాల వయసులో మొదలవుతుంది. 16 వారాలు నిండేదాకా 3, 4 వారాలకొకసారి వేస్తూ పోతారు. డబ్బు గుంజడానికి ఇన్నిసార్లు పిలుస్తున్నారని అనుమానపడేవాళ్లు ఉన్నారు. అసలు కారణం వేరు. తల్లి నుంచి వచ్చిన రక్షణ పిల్ల ఒంట్లో ఉన్నంతకాలం ఆ సూదిమందును పనిచేయనివ్వదు. ఆ రక్షణ ఏ వారంలో తగ్గుతుందో పైకి తెలియదు కాబట్టి వదలకుండా వేస్తూ పోవాలి. రేబిస్ సూది 3 నెలలు నిండాక వేస్తారు. డాక్టరు చెప్పిన తేదీకి బూస్టరు, ఆపైన ఏటేటా.

మన ఎండలతో ఇంకో చిక్కు. వ్యాక్సిన్ 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. మెడికల్ షాపులో కొని, జేబులో వేసుకుని, ఏప్రిల్ మధ్యాహ్నం బండి మీద అరగంట తిప్పిన మందు స్టిక్కరైతే కార్డు మీద చక్కగానే కనిపిస్తుంది. ఒంట్లో అది పనిచేసిందో లేదో చెప్పేవాళ్లు ఉండరు. బయట కొనాల్సి వస్తే ఐస్ ప్యాకుతో డబ్బాలో పెట్టి తీసుకెళ్లండి, లేదంటే డాక్టరు దగ్గర ఫ్రిజ్ నుంచి తీసి వేసేదే వేయించండి. ఏటా జులై 6న, జూనోసిస్ డే (జంతువుల నుంచి మనుషులకు సోకే జబ్బుల దినం) నాడు ప్రభుత్వ పశువైద్యశాలల్లో రేబిస్ సూది ఉచితంగా వేస్తారు. ఆ రోజు కుక్కలన్నీ ఒకేచోట చేరతాయి. గొలుసు పొట్టిగా పట్టుకోండి, డోసులు పూర్తికాని పిల్లనైతే అసలు నేల మీద దించకండి. పార్వో సూక్ష్మజీవి నేలమీద నెలల తరబడి బతికే రకం.

లైసెన్సు ఎవరిస్తారనేది మీ ఇల్లు ఎవరి హద్దులో ఉందో దాన్నిబట్టి ఉంటుంది. తిరుపతి 2007లో, చిత్తూరు 2012లో కార్పొరేషన్లయ్యాయి. ఊరి అంచు కాలనీల్లో మాత్రం వీధికి ఇటుపక్క కార్పొరేషన్, అటుపక్క పంచాయతీ. ఇంటిపన్ను రసీదు మీద ఎవరి పేరుందో చూడండి, లైసెన్సుకు వెళ్లాల్సింది వాళ్ల దగ్గరికే. పంచాయతీల్లో కుక్కలకూ పందులకూ లైసెన్సు ఉండి తీరాలని రాష్ట్రం 2020లో నిబంధనలు తెచ్చింది. లేకుంటే 500 రూపాయల జరిమానా, ఆపైన రోజుకు 250. మా లాబ్రడార్‌నూ పందినీ ఒకే గాటన కట్టారేమిటని నొచ్చుకోకండి, ఆ కాగితం మీకే అక్కరకొస్తుంది. వెళ్లేటప్పుడు కార్డు జిరాక్సు, ఆధార్, ఇంటిపన్ను రసీదు, కుక్క నిలువెత్తు ఫొటో పట్టుకెళ్లండి. ఇచ్చిన టోకెన్ బెల్టుకు తగిలించండి, బెల్టు లోపలివైపు మీ ఫోన్ నంబరు రాయండి. మెడలో ఏమీ లేకుండా వీధిలోకి జారుకున్న కుక్క, పట్టేవాళ్ల కంటికి ఊరకుక్కే.

పిట్‌బుల్, రాట్‌వీలర్‌లను దేశమంతా నిషేధించారనే మాట వాట్సాప్‌లో ఇంకా తిరుగుతోంది. 23 జాతుల మీద కేంద్రం 2024 మార్చిలో ఇచ్చిన సర్క్యులర్‌ను కర్ణాటక హైకోర్టు ఆ మరుసటి నెలలోనే కొట్టేసింది. జాతి ఏదైనా జవాబుదారీ మాత్రం యజమానిదే. భారతీయ న్యాయ సంహిత 291వ సెక్షన్ ప్రకారం, తన దగ్గరున్న జంతువు వల్ల మనిషి ప్రాణానికి ప్రమాదం గానీ తీవ్రగాయం గానీ జరగకుండా తగిన జాగ్రత్త తీసుకోకపోతే 6 నెలల దాకా జైలు, లేదా 5,000 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. ఇందులో కుక్కది పొమరేనియనా నాటుకుక్కా అనే ప్రశ్న రాదు. గేటు గడియ పెట్టారా, గొలుసు చేతిలో ఉందా అనేది వస్తుంది.

గొలుసు తెగేది సాధారణంగా మధ్యలో కాదు, కొక్కెం దగ్గర. అరవై, డెబ్బై రూపాయల గొలుసుకు ఉండే కొక్కెంలో స్ప్రింగ్ తుప్పుపట్టి సగం తెరుచుకునే ఉంటుంది. కుక్క ఒక్కసారి పక్కకు గుంజితే ఊడొస్తుంది. వారానికోసారి బొటనవేలితో నొక్కి వదిలి చూడండి, టక్కుమని మూసుకోకపోతే మార్చేయండి. వీధిలో నడిపించడానికి నాలుగైదు అడుగుల పొడవు చాలు. పొడవును పెంచుకుంటూ పోయే చక్రం గొలుసులు మన సందులకు పనికిరావు, ఆటో మలుపు తిరిగేలోపు వెనక్కి లాగలేరు. బెల్టు, మెడ మధ్య రెండు వేళ్లు దూరేంత సందు ఉండాలి. అంతకంటే వదులైతే తల వెనక్కి లాక్కుని బయటపడుతుంది.

అలాగని రోజంతా కట్టేయడమూ నేరమే. 1960 నాటి జంతుహింస నిరోధక చట్టం 11వ సెక్షన్‌లో, మరీ పొట్టి గొలుసుతో గానీ మరీ బరువైన గొలుసుతో గానీ ఎక్కువసేపు కట్టేయడం, ఎప్పుడూ కట్టి ఉంచే కుక్కను తగినంత తిప్పకపోవడం విడివిడిగా పేర్కొన్నారు. సాకలేక వదిలిపెట్టి రావడం కూడా అందులోదే. మొదటి తప్పుకు జరిమానా 10 నుంచి 50 రూపాయలు. అప్పట్లో రాసిన అంకె అలాగే ఉండిపోయింది, ఇప్పుడు దాంతో రెండు ప్లేట్ల ఇడ్లీ రాదు. కొట్టి చంపినా, విషం పెట్టినా, అవిటిదాన్ని చేసినా మాత్రం న్యాయ సంహిత 325వ సెక్షన్ కిందికి వస్తుంది, శిక్ష 5 ఏళ్ల దాకా. శేషాచలం అంచు కాలనీల్లో ఉండేవాళ్లకు ఇంకో మాట. రాత్రిపూట కుక్కను ఆరుబయట గొలుసుతో కట్టేస్తే అది కాపలా కాదు, చిరుతకు ఎర. దాన్ని లోపలికి తోలి తలుపేయండి, మిగిలిన మాంసం చెత్తను గేటు బయట పారేయకండి.

అపార్ట్‌మెంట్ అసోసియేషన్లు మెజారిటీ తీర్మానంతో కుక్కల్ని నిషేధించడం చెల్లదని జంతు సంక్షేమ బోర్డు 2015లో మార్గదర్శకాలు ఇచ్చింది. అవే మార్గదర్శకాలు కామన్ స్థలంలో కుక్క చేసిన మురికి ఎత్తమని యజమానికి చెబుతున్నాయి. రెండో వాక్యాన్ని పాటించేవాళ్లు మొదటి వాక్యం కోసం పెద్దగా పోట్లాడాల్సి రాదు.

ఇక వీధికుక్కలు. కార్పొరేషన్‌కు వెళ్లి ‘మా వీధి కుక్కల్ని పట్టుకుపోయి అడవిలో వదలండి’ అని అడిగితే వాళ్లు చేయలేరు. 2023 నాటి జంతు జనన నియంత్రణ నిబంధనల ప్రకారం పట్టి, కుటుంబ నియంత్రణ ఆపరేషన్ చేసి, రేబిస్ సూది వేసి, పట్టిన చోటే వదలాలి. ఆపరేషనైన కుక్కకు చెవి కొనను ‘వి’ ఆకారంలో కత్తిరిస్తారు. అర్జీ రాసే ముందు వీధిలో ఎన్ని చెవులకు ఆ గంటు ఉందో లెక్కపెట్టుకోండి. ‘ఫలానా సందు, ఫలానా టీ కొట్టు దగ్గర 9 కుక్కలు, 7టికి చెవి గంటు లేదు, ఉదయం ఆరింటికి ఉంటాయి’ అని రాస్తే బండి వచ్చినవాళ్లకు పని దొరుకుతుంది. ‘కుక్కల బెడద ఎక్కువగా ఉంది’ అని రాస్తే ఫైలు దొరుకుతుంది. వార్డు సచివాలయంలో ఇచ్చి రసీదు తీసుకోండి. కదలకపోతే సోమవారం అర్జీల్లో ఆ రసీదు నంబరు వేసి మళ్లీ ఇవ్వండి. అర్జీకి తగిన కాలం చిత్తకార్తెకు చాలా ముందు. అక్టోబరులో ఎద మీదున్న ఆడకుక్క వెంట పదీ పదిహేను మగకుక్కలు పడి కొట్లాడుకుంటున్నప్పుడు పట్టడమూ కష్టమే, మధ్యలో నడిచే మనుషులకూ ముప్పే.

బడులు, ఆసుపత్రులు, బస్టాండ్లు, రైల్వేస్టేషన్ల సంగతి వేరు. అక్కడి కుక్కల్ని ఆపరేషన్, టీకా అయ్యాక తిరిగి అక్కడే వదలకుండా షెల్టర్‌కు పంపాలని సుప్రీంకోర్టు 2025 నవంబర్ 7న ఆదేశించింది. బడి ప్రాంగణంలో సమస్యైతే అర్జీలో ఆ తేదీ రాయండి. అన్నం పెట్టేవాళ్లకు కూడా హద్దుంది. పిల్లలు ఆడుకునే చోట, మెట్ల దగ్గర, గేట్ల దగ్గర కాకుండా, జనం తిరగని వేళ, గుర్తించిన చోటే పెట్టాలి. పెట్టిన ఆకు ఎత్తేయకపోతే మరునాడు కుక్కలతోపాటు ఆవులూ వస్తాయి.

చిలుకల్ని పంజరంలో పెట్టుకోవడాన్ని ఇంకా ముచ్చటగానే చూస్తారు. రామచిలుక, నక్షత్ర తాబేలు రెండూ వన్యప్రాణి సంరక్షణ చట్టం కిందివి. ఇంట్లో ఉంచుకుంటే జైలుదాకా పోతుంది. ఆఫ్రికన్ గ్రే, మకావ్ లాంటి విదేశీ పక్షులైతే 2024 నిబంధనల ప్రకారం కేంద్ర పర్యావరణ శాఖ వెబ్‌సైటు పరివేష్ పోర్టల్‌లో నమోదు చేయాలి.

కరిస్తే ఏం చేయాలో ఇల్లంతటికీ తెలిసుండాలి. సబ్బుతో, కుళాయి ధార కింద పుండును 15 నిమిషాలు కడగండి. గడియారం చూసి కడగండి, రెండు నిమిషాలకే పదిహేను అయినట్టు అనిపిస్తుంది. కారం, సున్నం, పసరు ఏవీ పూయొద్దు. కట్టు గట్టిగా కట్టొద్దు, కుట్లు తొందరపడి వేయించొద్దు. రక్తం వచ్చిన గాయానికి వ్యాక్సిన్ ఒక్కటే చాలదు, అదే రోజు పుండులోనూ దాని చుట్టూ ఇమ్యునోగ్లోబ్యులిన్ కూడా వేయాలి. వ్యాక్సిన్ ఒంట్లో రక్షణ తయారు చేయడానికి రోజులు పడుతుంది, అందాకా పుండు దగ్గరే సూక్ష్మజీవిని అడ్డుకునేది ఇదే. మొదటి రోజు అందకపోతే, వ్యాక్సిన్ మొదలుపెట్టిన 7 రోజులలోపు వేయించుకోవచ్చు. బొడ్డు చుట్టూ 14 సూదుల కాలం పోయింది. ప్రభుత్వాసుపత్రిలో చర్మంలోకి వేసే పద్ధతిలో 0, 3, 7, 28వ రోజుల్లో ఉచితంగా వేస్తారు. చాలామంది తప్పేది 28వ రోజు డోసు, పుండు మానింది కదా అని. క్యాలెండర్‌లో ఆ తేదీ చుట్టూ సున్నా చుట్టి పెట్టుకోండి.

కరిచింది మీ కుక్కే అయితే, సూదులన్నీ వేయించినదైనా సరే, 10 రోజులు దాన్ని ఇంట్లోనే కట్టి ఉంచి గమనించండి. అమ్మేయడం, ఊరికి పంపేయడం, భయపడి చంపేయడం చేస్తే గమనించడానికి ఏమీ మిగలదు. నీళ్లు మింగలేకపోవడం, దవడ వేలాడటం, చొంగ కారడం, అరుపు గొంతు మారడం, పేరు పెట్టి పిలిస్తే పోల్చుకోకపోవడం, ఇందులో ఏది కనిపించినా చేత్తో తాకకుండా పశువైద్యుడికి కబురు చేయండి. 10 రోజులూ మామూలుగా తిని తిరిగితే, అదే డాక్టరు దగ్గర ‘పరీక్షించాను, ఆరోగ్యంగా ఉంది’ అని తేదీతో రాయించుకోండి. దాని ఒక నకలు కరిపించుకున్నవాళ్ల ఇంట్లో ఇచ్చి రండి, మిగతా డోసుల మాట వాళ్ల డాక్టరు చెబుతారు. అసలు కాగితం బీరువాలో కార్డు మడతలో పెట్టండి.