బయానా ముట్టుకోవద్దన్నారు

మా ఆయన ఆఫీసుని చికాగో నుంచి టెక్సస్‌లో డాలస్ పక్కనున్న ప్లేనోకి తరలిస్తున్నామని చెప్పిన వారంలోనే హెచ్ఆర్ వాళ్లు రీలొకేషన్ పాలసీ పంపారు. ఆయన ట్రక్కు ఎవరు మాట్లాడతారు, అపార్ట్‌మెంట్ ఎన్నాళ్లిస్తారు అన్న పేజీలు తిరగేసి మూసేశారు. చికాగో శివారు నేపర్‌విల్‌లో మా ఇల్లు అమ్మడం గురించిన పేజీలు నా వంతుకొచ్చాయి. చదివితే తెలిసింది, అసలు డబ్బంతా అక్కడే ఉంది.

కంపెనీలు ఇల్లమ్మడానికి ఇచ్చే సాయంలో తరగతులుంటాయి. డైరెక్టర్లకీ ఆ పైవాళ్లకీ గ్యారంటీడ్ బైఅవుట్: ఇద్దరు అప్రైజర్లు వచ్చి ఇంటికి విలువ కడతారు, ఇద్దరి అంకెలూ దగ్గరగా ఉంటే సగటు, మరీ తేడా వస్తే మూడో మనిషిని పిలుస్తారు. బయట బేరం తగలకపోయినా, ఇలాంటి బదిలీల పని చూడటానికి ఆఫీసు పెట్టుకున్న రీలొకేషన్ కంపెనీ ఆ ధరకి కొనేస్తుంది. మా ఆయన మేనేజరే కాబట్టి మాకు బయ్యర్ వాల్యూ ఆప్షన్ ఇచ్చారు. అందరూ బీవీవో అంటారు. ఇందులో బేరం మనమే వెతుక్కోవాలి. బేరం కుదిరాక ఆ ధరకి రీలొకేషన్ కంపెనీ మన దగ్గర కొని, వచ్చినవాళ్లకి అమ్ముతుంది. బేరమే రాకపోతే పాలసీలో ఎన్ని పేజీలున్నా ఉపయోగం లేదు, రెండు ఇళ్ల ఖర్చు మోయాల్సిందే.

నాకు మొదట వచ్చిన సందేహం మీకూ వస్తుంది. ఈ తిప్పలన్నీ ఎందుకు, మేమే అమ్ముకుంటాం, ఏజెంట్ కమిషన్ మాకిచ్చేయండి అంటే సరిపోదా? సరిపోదు. అలా ఇస్తే అది జీతం కింద లెక్క. మా ఇల్లు 5,20,000 డాలర్లు అనుకోండి, 5 శాతం కమిషన్ 26,000. అది డబ్ల్యు-2లో, అంటే కంపెనీ ఏటా ఇచ్చే జీతం, పన్నుల ఫారంలో ఎక్కితే ఫెడరల్ విత్‌హోల్డింగ్ 22 శాతం, సోషల్ సెక్యూరిటీ, మెడికేర్ కలిపి 7.65, ఇల్లినాయ్ 4.95. మా చేతికి నికరంగా 26,000 రావాలంటే కంపెనీ దాదాపు 40,000 ఖర్చు పెట్టాలి. అదే రీలొకేషన్ కంపెనీ నిజంగా మా ఇల్లు కొని, తర్వాత తన ఇల్లుగా ఇంకొకరికి అమ్మితే, ఆ కమిషన్ వాళ్ల వ్యాపార ఖర్చు. మా జీతంలోకి రాదు.

ఆ "నిజంగా" అన్న మాట దగ్గరే ఉంది మెలిక. అమెరికా పన్నుల శాఖ ఐఆర్‌ఎస్ 2005లో 2005-74 నంబరుతో ఒక రూలింగ్ ఇచ్చింది. రీలొకేషన్ కంపెనీ ఇల్లు కొని లాభనష్టాలు తన నెత్తిన వేసుకుంటే అవి రెండు వేర్వేరు అమ్మకాలు. పేరుకి మధ్యలో నిలబడి, "బయటి మనిషి రిజిస్ట్రేషన్ చేయించుకుంటేనే మీకు డబ్బు" అంటే అది ఒకే అమ్మకం, చేసింది ఉద్యోగి. కమిషన్ మళ్లీ జీతమైపోతుంది. అందుకే రీలొకేషన్ కంపెనీ మాకు కేటాయించిన కౌన్సెలర్ మొదటి ఫోన్లోనే చెప్పింది: ఇల్లు లిస్టింగ్‌కి, అంటే ఏజెంట్ ద్వారా అమ్మకానికి పెట్టకముందే నాతో మాట్లాడండి, ఎవరి ఆఫర్ మీదా సంతకం పెట్టొద్దు, ఎవరి దగ్గరా ఒక్క డాలర్ కూడా అడ్వాన్సు తీసుకోవద్దు. ఏజెంట్‌తో రాసుకునే కాగితంలో కూడా, రీలొకేషన్ కంపెనీ కొంటే ఈ లిస్టింగ్ రద్దవుతుంది, మేము కమిషన్ బాకీ ఉండము అన్న వాక్యం ఉండాలట.

ఇది అమెరికన్లకి చెప్పడం తేలిక. మనవాళ్లకి చెప్పి చూడండి.

అరోరా బాలాజీ గుడిలో పరిచయమైన కరీంనగర్ కుర్రాడొకడున్నాడు, నన్ను అక్కా అంటాడు. విషయం తెలిసిన సాయంత్రమే భార్యతో సహా వచ్చాడు. "నడిమిట్ల ఏజెంట్ ఎందుకక్కా? ఇల్లు మాకు నచ్చింది. మనం మనం చూసుకుందాం. ఇగో బయానా" అని చెక్కు టేబుల్ మీద పెట్టాడు. ఇరవై వేలు! మంచి ధరే అన్నాడు, మనిషీ మంచివాడే. మా ఆయన చెయ్యి చెక్కు వైపు వెళ్తుంటే నేను టీ కప్పు అడ్డం పెట్టాను. ఆఫర్ రాసి ఏజెంట్ ద్వారా పంపు, కాగితాలు రీలొకేషన్ కంపెనీతో అవుతాయి అన్నాను. "ఓనర్ మీరే కద, మరి కాగితం వాళ్ల పేరు మీదెట్ల?" అని అడిగాడు. ఐఆర్‌ఎస్ రూలింగ్ గురించి నేను తెలుగులో చెప్పిన తీరు అతనికి బేరం తప్పించుకుంటున్నట్టు వినిపించింది. కొన్నాళ్లు ఫోన్లు తగ్గాయి. ఉగాదికి వాళ్లావిడ పచ్చడి పంపింది కాబట్టి ఇప్పుడు ఫర్వాలేదు.

అసలు బేరం లిస్టింగ్‌కి పెట్టాక, నేపర్ సెటిల్‌మెంట్ మ్యూజియంలో ఉద్యోగం చేసే ఒక అమ్మాయి కుటుంబం నుంచి వచ్చింది. మేము సంతకం పెట్టలేదు. ఏజెంట్ ఆ ఆఫర్‌ని రీలొకేషన్ కంపెనీకి పంపింది, వాళ్లు అదే ధరకి తమ ఆఫర్ మాకు పంపారు, దాని మీద పెట్టాం సంతకం. ఈలోగా ఇన్‌స్పెక్షన్. బేస్‌మెంట్‌లో రేడాన్ (నేలలోంచి వచ్చే రేడియోధార్మిక వాయువు) పరీక్ష చేస్తే లీటరు గాలికి 4 పికోక్యూరీలు దాటింది. పర్యావరణ సంస్థ ఈపీఏ గీసిన గీత అదే. గొట్టం, ఫ్యాను పెట్టించాం. బేస్‌మెంట్‌లో చేరే నీళ్లు తోడే సంప్ పంపు పాతదైందని అదీ మార్పించారు. ఈ మరమ్మతుల డబ్బు మాదే, పాలసీలో రాదు.

నాకు నిజంగా భయం వేసింది దస్తావేజు దగ్గర. నోటరీ ముందు మాతో సంతకం చేయించిన డీడ్‌లో కొనేవాళ్ల పేరుండాల్సిన చోట ఖాళీ. ఆఖరి కొనుగోలుదారు పేరు తర్వాత నింపుతారట, రెండుసార్లు రిజిస్టర్ చేయించే ఖర్చు తప్పించడానికి. మా నాన్న తెనాలి సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసు ముందు దస్తావేజులు రాసి బతికిన మనిషి. వీడియో కాల్‌లో విని లేచి కూర్చున్నాడు. "అమ్మాయ్, ఖాళీ గడి ఉన్న కాగితం మీద సంతకం పెట్టినవాళ్లందరూ తర్వాత నా దగ్గరికే వచ్చి ఏడ్చారు. నువ్వు పెట్టకు." ఆయన్ని ఒప్పించడం నా వల్ల కాలేదు. చివరికి మా లాయరు చెప్పిన మాటే అనువదించి చెప్పాను: డీడ్‌ని చూడకండి, దాంతోపాటు రీలొకేషన్ కంపెనీతో మీరు రాసుకున్న క్రయ ఒప్పందాన్ని చూడండి. ఏ తేదీ నుంచి ఇంటి లోను, పన్ను, ఇన్సూరెన్సు వాళ్లవో అందులో రాసి ఉందా? ఉంది. బయటి బేరం చెడితే మిమ్మల్ని వెనక్కి పిలవచ్చని ఎక్కడైనా ఉందా? లేదు. నాన్న కాసేపాగి, "ఆ ఒప్పందం కాపీ నీ దగ్గరుంచుకో" అన్నాడు. అంతకు మించి ఒప్పుకోడని నాకు తెలుసు.

ఆ తర్వాత బేరం చెడనే చెడింది. ఆ కుటుంబంలో ఒకరి ఉద్యోగం పోయి, లోను రాలేదు. అప్పటికే మా ఈక్విటీ డబ్బు, అంటే లోను పోను మాకు రావాల్సింది, బ్యాంకులో పడింది, దాంతో ప్లేనో పక్కన ఫ్రిస్కోలో ఇంటికి డౌన్ పేమెంట్ కట్టేశాం. నేపర్‌విల్ ఇల్లు చలికాలమంతా ఖాళీగా ఉంది. పైపులు గడ్డకట్టకుండా హీటింగ్ బిల్లు కట్టింది రీలొకేషన్ కంపెనీ. తర్వాత మేము అమ్మినదానికంటే తక్కువకి పోయిందని పక్కింటావిడ చెప్పింది. ఆ తేడా ఎవరూ మమ్మల్ని అడగలేదు. అప్పుడు నాన్నకి ఫోన్ చేసి మరీ చెప్పాను.

ఒక తమాషా. ఇల్లమ్మిన ఖర్చు మా డబ్ల్యు-2లో పైసా లేదు గానీ, సామాను మోసిన ట్రక్కు ఖర్చు మాత్రం జీతంగా ఎక్కింది. 2018కి ముందు అలా ఉండేది కాదు. 2017 చివర్లో వచ్చిన పన్ను చట్టం ఆ మినహాయింపు తీసేసింది, 2025 చట్టం దాన్ని శాశ్వతం చేసింది. సైన్యంలో, ఇంటెలిజెన్స్ సంస్థల్లో ఉన్నవాళ్లకి తప్ప. పన్ను కూడా కలిపి ఇస్తారా, అంటే గ్రాస్-అప్ ఉందా అని మీ పాలసీలో వెతకండి. మాకు ట్రక్కుకి ఉంది, ఇల్లు వెతుక్కోవడానికి వెళ్లిన ప్రయాణాలకి లేదు.

హెచ్1బీ మీద ఉన్నవాళ్లకి పాలసీ పుస్తకంలో రాయని ఖర్చు ఇంకోటుంది. చికాగో నుంచి డాలస్ అంటే వేరే మెట్రో ఏరియా, కాబట్టి మారకముందే సవరణ పిటిషన్ వేయాలి. గ్రీన్‌కార్డుకి మొదటి మెట్టైన పర్మ్ (లేబర్ సర్టిఫికేషన్) కూడా ఊరిని బట్టే. మళ్లీ మొదటినుంచి చేయాల్సి రావచ్చు. దాని తర్వాతి మెట్టు ఐ-140 ఆమోదమై ఉంటే పాత ప్రయారిటీ డేట్, అంటే గ్రీన్‌కార్డు క్యూలో మన స్థానం నిలుస్తుంది, అది పెద్ద ఊరట. మా ఆయనతో పనిచేసే ఒకతను రీలొకేషన్ కౌన్సెలర్‌ని ఇది అడిగితే, అది ఇమిగ్రేషన్ టీమ్ పని అంది. ఇమిగ్రేషన్ టీమ్ వాళ్లు ఇల్లమ్మే తేదీ మమ్మల్నడగొద్దన్నారట. రెండిటికీ తేదీలు అతనే పేపర్ మీద రాసి కలుపుకున్నాడు.

ఆఖరి పేజీలో తిరిగి చెల్లించే ఒప్పందం ఉంది. రెండేళ్లలోపు తనంతట తాను ఉద్యోగం మానేస్తే ఈ ఖర్చంతా కంపెనీకి కట్టాలి, మొదటి ఏడాదైతే పూర్తిగా, రెండో ఏడాది నెలల లెక్కన. లేఆఫ్ చేస్తే కట్టక్కర్లేదని కూడా ఉందో లేదో చూసే సంతకం పెట్టించాను. గడువు ఇంకా తీరలేదు. రిక్రూటర్ల ఫోన్లు వస్తుంటాయి, మా ఆయన వసారాలోకి వెళ్లి మాట్లాడుతుంటారు. ఎంత ఇస్తామన్నా ముందు ఈ బాకీ వాళ్లు కడతారేమో అడగమన్నాను.