బిల్లు లేని బొమ్మ మీద కన్జ్యూమర్ కేసు: నా అనుభవం

బిల్లే లేనప్పుడు షాపువాడిని ఏం చేయగలం, వదిలెయ్యమని మా ఇంట్లోనే సగం మంది అన్నారు. చేయగలం. ఎలాగో చెప్తాను.

మా బాబుకి రెండేళ్లు. బేగంబజార్‌లో కొన్న లైట్ల ఫోన్ బొమ్మ కింద పడగానే వెనక మూత ఊడి, లోపలి బటన్ సెల్ బయటికొచ్చింది, వాడు మింగేశాడు. చొంగ ఆగట్లేదు, నీళ్లు కూడా దిగట్లేదు. ఎక్స్‌రేలో గుండ్రంగా కనిపిస్తే రూపాయి బిళ్లేమో అనుకున్నాం, కానీ డాక్టరుగారు అంచు లోపల సన్నగా ఇంకో వలయం చూపించి, ఇది బ్యాటరీ అంటూ వెంటనే ఎండోస్కోపీకి తీసుకెళ్లారు. సెల్ పగలక్కర్లేదట, తడి తగిలితే చాలు కరెంటు పారి అక్కడ క్షారం తయారవుతుంది, అన్నవాహిక రెండు గంటల్లోనే తీవ్రంగా కాలిపోవచ్చు. బొమ్మ పనిచేయని స్థితికి అరిగిపోయిన సెల్ అయినా ఈ ప్రమాదం ఉంటుంది. ఈ సంగతి పిల్లలున్న ప్రతి ఇంట్లో తెలియాలి.

వాడు కోలుకున్నాక బొమ్మని తిప్పి చూశాను. మూతకి స్క్రూ లేదు, గోటితో ఊడొచ్చే క్లిప్ ఒక్కటే. ఐఎస్ఐ మార్కు లేదు, కంపెనీ పేరు లేదు. 2021 జనవరి 1 నుంచి 14 ఏళ్లలోపు పిల్లల బొమ్మలకి ఐఎస్ఐ తప్పనిసరి, దిగుమతి చేసినవైనా సరే. (కొండపల్లి, నిర్మల్ లాంటి జీఐ గుర్తింపున్న, అంటే ఫలానా ఊరి ప్రత్యేకతగా నమోదైన వాటిని అసలు తయారీదారులే అమ్మితే మినహాయింపు ఉంది, వాటిని ఇందులో కలపకండి.)

షాపుకి వెళ్తే, "మేడమ్, ఇది మా దగ్గర కొన్నదేనని గ్యారంటీ ఏంటి?" అన్నాడు. మా ఆయన ఫోన్‌లో యూపీఐ పేమెంట్ ఉంది, షాపు పేరుతో సహా. బొమ్మ, సెల్, డబ్బా, ఎక్స్‌రే, డిశ్చార్జ్ సమ్మరీ అన్నీ ఒక కవర్లో దాచాం. కేసు నిలబడింది ఆ కవర్ వల్లే, దయచేసి కోపంతో బొమ్మని చెత్తలో పారేయకండి.

ఐఎస్ఐ మార్కు ఇచ్చే ప్రభుత్వ సంస్థ బీఐఎస్. దాని బీఐఎస్ కేర్ యాప్‌లో ఫిర్యాదు పెట్టి, వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి కూడా ఫోన్ చేశాను. అయితే బీఐఎస్ సరుకు మీద చర్య తీసుకుంటుంది గానీ మనకి పరిహారం ఇప్పించదు, దానికి జిల్లా వినియోగదారుల కమిషన్‌కే వెళ్లాలి. ముందు నోటీసు పంపాం, జవాబు లేదు, కన్జ్యూమర్ కేసుల ప్రభుత్వ పోర్టల్ ఇ-జాగృతిలో ఆన్‌లైన్‌గా కేసు వేశాం. వస్తువుకి మనం ఇచ్చిన ధర 5 లక్షల లోపైతే ఫీజు లేదు. లాయర్ తప్పనిసరి కాదు. ప్రమాదం జరిగిన రెండేళ్లలోపు వేయాలి, మనం ఉండే జిల్లాలోనే వేయొచ్చు.

"తయారు చేసింది మేం కాదు" అని షాపువాళ్లు వాదిస్తారనే నాకు టెన్షన్. అదే వాదించారు కూడా. కానీ 2019 వినియోగదారుల రక్షణ చట్టం 86వ సెక్షన్ ప్రకారం తయారీదారు ఎవరో తెలియకపోతే అమ్మినవాడే బాధ్యుడు. డబ్బా మీద పేరు లేకపోవడం చివరికి వాళ్ల మెడకే చుట్టుకుంది.

తర్వాత వాళ్లే రాజీకొచ్చారు. ఆస్పత్రి ఖర్చంతా ఇచ్చారు, మానసిక వేదనకి అడిగింది మాత్రం బాగా తగ్గించారు, బాబుకి ఇంకా చెకప్‌లు ఉన్నాయి కాబట్టి మేమూ ఒప్పుకున్నాం. సంతకాలప్పుడు బీఐఎస్ ఫిర్యాదు కూడా వెనక్కి తీసుకోమన్నారు. కుదరదన్నాను. అది ఇంకా నడుస్తోంది.